ఏ రక్తహీనత? జవాబు వెతికిన మన యల్లాప్రగడ

కిందటి వేసవిలో మా ఆడపడుచు జలదంకి వచ్చింది. పుట్టింటికొచ్చిన ఆడపిల్ల నాలుగు రోజులు సరదాగా తిరుగుతుందనుకుంటే, వచ్చింది మొదలు మంచం దిగలేదు. రెండు మెట్లెక్కితే ఆయాసం. ముఖం పాలిపోయింది. నాలుక చూస్తే నున్నగా, ఎర్రగా మెరుస్తోంది. ఏమిటమ్మా ఇదని అడిగితే రక్తం తక్కువగా ఉందన్నారనీ, మూడు నెలలుగా ఐరను మాత్రలు మింగుతూనే ఉన్నాననీ చెప్పింది. మింగిన మాత్రలన్నీ ఎటు పోయాయో మాకు అర్థం కాలేదు.

సంచిలోంచి రిపోర్టు తీసి చూపించింది. మిషను అచ్చు కొట్టిచ్చిన పొడుగాటి కాగితం. ఇరవై వరుసల అంకెలు. నేను డిగ్రీ చదివాను గానీ అందులో నాకు తెలిసింది ఒక్క హిమోగ్లోబినే. అది 7.8 ఉంది. మిగతావన్నీ నాకు పంచాంగంలో తిథి నక్షత్రాల లెక్కల్లాగే కనిపించాయి. ఆ రిపోర్టు ఇచ్చినచోట కూడా ఆ ఒక్క అంకె చూసే మాత్రలు రాసినట్టున్నారు. వాళ్ల ఊరూ పేరూ ఇప్పుడెందుకులెండి.

మేము కావలిలో ఒక పెద్ద వయసు డాక్టరు గారికి చూపించాం. ఆయన ఆ కాగితం మీద వేలు పెట్టి రెండు వరుసలు చూపించారు. ఎమ్‌సీవీ 88. అంటే ఎర్రకణం సగటు పరిమాణం. 80 నుంచి 100 దాకా మామూలే కాబట్టి ఇది బాగానే ఉన్నట్టు లెక్క. కానీ ఆ కిందనే ఆర్‌డీడబ్ల్యూ అనే వరుస పక్కన మిషను ఒక చుక్క గుర్తు పెట్టింది. కణాలన్నీ ఒకే సైజులో లేవని దానర్థం. ఆయన వెంటనే ల్యాబులో మనిషిని పిలిచి, మిషను సంగతి సరే, ఒక చుక్క రక్తం గాజు పలక మీద పరిచి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద చూడమన్నారు. చూస్తే అసలు గుట్టు బయటపడింది. కొన్ని కణాలు చిన్నవి, వెలవెలబోయినవి. కొన్ని పెద్దవి, కోడిగుడ్డు ఆకారంలో ఉన్నవి. చిన్నవి ఐరను లేక. పెద్దవి ఫోలిక్ యాసిడో, బి12 విటమినో లేక. రెండు లోపాలూ ఒకే ఒంట్లో చేరి కూర్చున్నాయి.

మిషను అబద్ధం చెప్పలేదు. ఇంట్లో ఒకరు ఆరు ఇడ్లీలు తిని ఇంకొకరు పస్తుంటే, సగటున తలా మూడు తిన్నట్టే లెక్క తేలుతుంది. ఆ లెక్క తప్పు కాదు. పస్తున్న మనిషి మాత్రం అందులో కనబడదు.

తర్వాత ఇంకో రెండు పరీక్షలు చేయించారు. బి12 సరిపోనే ఉంది, ఫోలిక్ యాసిడ్ బాగా తక్కువని తేలింది. ఐరనుకు తోడు ఆ మందూ రాస్తూ, ఇది మన భీమవరం మనిషి ప్రపంచానికి పెట్టిన భిక్ష అని చెప్పి డాక్టరు గారు నవ్వారు. యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు చిన్నప్పుడు పాఠాల్లో విన్నదే. శాస్త్రవేత్త అని తెలుసు. మా ఆడపడుచు మంచం మీద పడుకుని ఉంటే, ఆయన కథ మొత్తం చదవాలన్న పట్టుదల నాకు అప్పుడు పుట్టింది. చదివాక మీతో చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

కాశీకి పారిపోయిన పిల్లవాడు

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు పిల్లల్లో నాలుగోవాడు. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం చెడి ముందుగానే ఉద్యోగం మానుకోవాల్సి వచ్చింది. ఇంట్లో తినే నోళ్లు ఎక్కువ, వచ్చే రాబడి తక్కువ.

పిల్లవాడికి చదువు మీద ధ్యాస లేదు. పదమూడేళ్లకే కాశీకి పారిపోయి, యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదించాలనుకున్నాడు. తల్లి పట్టుబట్టి వెనక్కి రప్పించింది. రాజమండ్రిలో చదివించింది. మెట్రిక్యులేషను పరీక్ష ఒకసారి తప్పాడు, రెండోసారీ తప్పాడు. మద్రాసు హిందూ హైస్కూలు నుంచి మూడో ప్రయత్నంలో గట్టెక్కాడు. ఈలోగా తండ్రి పోయాడు. ఆ ఖర్చుల కోసం వెంకమ్మ గారు తన నగలు అమ్ముకుందని చెబుతారు.

నాకు ఇక్కడ కాసేపు ఆగాలనిపించింది. పదో తరగతిలో ఒకసారి తప్పితేనే ఇంకేం చదువులే అని పిల్లల్ని పొలానికో, అంగడికో పంపేస్తున్న ఇళ్లు మన చుట్టూ ఎన్ని లేవు? వెంకమ్మ గారు రెండుసార్లు తప్పిన పిల్లాడి మీద మూడోసారి కూడా నమ్మకం పెట్టుకుంది. ఆమె ఆ రోజు విసిగిపోయి ఉంటే ఈ కథే లేదు.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివేటప్పుడు ఆయన మనసు రామకృష్ణ మఠం వైపు లాగింది. సన్యాసం పుచ్చుకుందామనుకున్నాడు. తల్లి ఒప్పుకోలేదు. సేవ చేయాలంటే వైద్యం కూడా సేవే కదా అన్న ఆలోచనతో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. అప్పటికి ఇంట్లో చదివించే స్తోమత లేదు. స్నేహితులూ, పిల్లనివ్వబోయే కస్తూరి సూర్యనారాయణమూర్తి గారూ ఆదుకున్నారు. 1919లో ఆయన కూతురు శేషగిరితో పెళ్లయింది.

అవి గాంధీ గారు విదేశీ వస్త్రాలు వదిలెయ్యమన్న రోజులు. సుబ్బారావు ఆపరేషను గదిలోకి కూడా ఖద్దరు గౌనే వేసుకెళ్లేవాడు. ఇంగ్లీషు ప్రొఫెసరుకు అది కంటగింపయింది. పరీక్షలన్నీ బాగా రాసినా పూర్తి ఎంబీబీఎస్ డిగ్రీ చేతికి రాలేదు. దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ సర్టిఫికెట్టుతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత మద్రాసులో డాక్టరు ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పాడు.

ఇంటిని తినేసిన జబ్బు

సుబ్బారావు జీవితాన్ని మలుపు తిప్పింది చదువూ కాదు, ఉద్యోగమూ కాదు. స్ప్రూ అనే జబ్బు. తిన్నది ఒంటబట్టదు. విరేచనాలు ఆగవు. నోరు పుండై, నాలుక ఎర్రబడి, మనిషి ఎండుపుల్లలా అయిపోతాడు. పేగులు ఆహారంలోని సారాన్ని పీల్చుకోలేకపోవడంతో రక్తం క్షీణిస్తుంది. ఆ రక్తాన్ని మైక్రోస్కోపు కింద చూస్తే కణాలు తక్కువగా ఉంటాయి, ఉన్నవి మామూలుకంటే పెద్దవిగా ఉంటాయి. ఈ జబ్బు సుబ్బారావు అన్నగారు పురుషోత్తంనూ, తమ్ముడు కృష్ణమూర్తినీ కొద్ది రోజుల తేడాతో పొట్టన పెట్టుకుంది. కళ్లముందే ఇద్దరు తోడబుట్టినవాళ్లు పోతుంటే, డాక్టరు చదువు చదివిన మనిషి చేతులు కట్టుకుని చూడాల్సి వచ్చింది. ఆ తర్వాత ఆ జబ్బే ఆయననూ పట్టుకుంది. లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారంటారు.

జబ్బు పేరు తెలుసు, ఎలా చంపుతుందో తెలుసు, ఎందుకొస్తుందో తెలియదు. దాన్ని తెలుసుకోవడానికి ఆయన అమెరికా వెళ్లాలనుకున్నారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ కొంత, మామగారు కొంత సాయం చేశారు. 1922 అక్టోబరు 26న బోస్టన్ చేరేసరికి ఆయన వయసు ఇరవై ఏడు.

భార్య అప్పటికి గర్భవతి. కొడుకు పుట్టాడు. పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డను చూడనే లేదు. కొన్నేళ్లలో తిరిగొస్తానన్న మనిషి మళ్లీ ఈ దేశం గడప తొక్కలేదు. ఆయన ప్రయోగాల గురించి పుస్తకాలున్నాయి. శేషగిరమ్మ గారు గడిపిన ఏళ్ల గురించి రాసింది తక్కువ. పెద్ద పని చేసిన ప్రతి మగవాడి వెనకా ఒక ఆడది ఉంటుందని సభల్లో చెబుతుంటారు. ఆమె వెనక కూడా లేదు పాపం, ఏడు సముద్రాల అవతల ఉంది.

చేత్తో కొలిచిన రంగు

బోస్టన్లో సుబ్బారావు గారు హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల శాఖలో చేరారు. మన దేశపు డాక్టరు చదువుకు అక్కడ విలువ లేదు. పొట్టపోసుకోవడానికి రాత్రిపూట ఒక ఆసుపత్రిలో పోర్టరుగా పనిచేశారు. రోగుల మలమూత్రాల పళ్లాలు ఎత్తి కడిగే పని. పగలు ప్రయోగశాల, రాత్రి ఈ పని.

తర్వాత సైరస్ ఫిస్కే అనే ప్రొఫెసరు దగ్గర చేరి, 1925లో రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతి కనిపెట్టారు. దానికి ఇప్పటికీ ఫిస్కే-సుబ్బారో పద్ధతి అనే పేరు. చెప్పడానికి చాలా సులువు. రక్తంలోని భాస్వరం కొన్ని రసాయనాలతో కలిసి నీలిరంగుకు తిరుగుతుంది. భాస్వరం ఎక్కువుంటే నీలం చిక్కన, తక్కువుంటే పలచన. ఎంత ఉందో ముందే తెలిసిన ఒక ద్రావకం పక్కన పెట్టి కంటితో పోల్చి చూసుకోవాలి. పాలు చిక్కనా పలచనా అని మనం కంటితో చూసి చెప్పమా, అలాంటిదే. తర్వాతి దశాబ్దాల్లో రక్తపరీక్షలకు ఆటోమేటిక్ మిషన్లు వచ్చినప్పుడు ఈ పద్ధతినే వాటిలోనూ ఇమిడ్చారు. అంటే మిషను కొత్తగా ఆలోచించిందేమీ లేదు. ఒక మనిషి చేత్తో చేసి చూపించినదాన్ని అది అలసిపోకుండా చేసిపెట్టింది.

ఆ పద్ధతితోనే ఆయనా, ఫిస్కే గారూ కలిసి కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని 1927లో బయటపెట్టారు. 1929లో ఏటీపీని వేరుచేశారు. అదే కాలంలో జర్మనీలో లోమన్ అనే ఆయన కూడా దాన్ని కనుక్కున్నారు. మనం చెయ్యి ఎత్తినా, రెప్ప వేసినా ఖర్చయ్యే శక్తి ఈ ఏటీపీదే. ఇంత చేసి, 1930లో డాక్టరేటు తెచ్చుకున్నా హార్వర్డులో ఆయనకు స్థిరమైన పదవి దక్కలేదు.

పెద్ద కణాలు, చిన్న కణాలు

ఇక రక్తం సంగతికొద్దాం. ఆ రోజుల్లో రక్తపరీక్ష అంటే ఓపికతో పని. వేలి మీద గుచ్చి తీసిన చుక్కను ఆసిడ్‌లో కలిపి, వచ్చిన గోధుమరంగును గాజుగొట్టంలోని రంగుతో పోల్చి హిమోగ్లోబిన్ చెప్పేవారు. చాలా ఊళ్లలో ఈ సాహ్లీ పద్ధతి మొన్నమొన్నటిదాకా ఉంది. కణాలు లెక్కపెట్టాలంటే రక్తాన్ని రెండు వందల రెట్లు పలచన చేసి, సన్నటి గళ్లు గీసిన గాజు పలక మీద వేసి, మైక్రోస్కోపులో ఒక్కో గడిలోని కణాలను ముగ్గులో చుక్కలు లెక్కబెట్టినట్టు లెక్కబెట్టాలి. ఒకరు లెక్కబెట్టింది ఇంకొకరికి కుదిరేది కాదు.

1929లో మాక్స్‌వెల్ వింట్రోబ్ అనే డాక్టరు సన్నటి గాజుగొట్టంలో రక్తం పోసి, గిరగిరా తిప్పి, అడుగున చేరిన ఎర్రకణాల మట్టం కొలిచాడు. ఆ మట్టాన్ని కణాల లెక్కతో భాగిస్తే ఒక్కో కణం ఎంత ఉందో తేలుతుంది. దాన్ని బట్టి రక్తహీనతలను చిన్నకణాలవి, మామూలు కణాలవి, పెద్దకణాలవి అని మూడు రకాలుగా విడదీశాడు. ఈ రోజు మిషను ఇచ్చే ఎమ్‌సీవీ ఆయన చేత్తో వేసిన ఆ భాగహారమే.

ఈ విభజన ఎందుకంటే, మందు దాన్ని బట్టే ఉంటుంది. ఐరను లేకపోతే కణం చిన్నదవుతుంది. ఫోలిక్ యాసిడో, బి12నో లేకపోతే కణం సమయానికి చీలలేక, ఉబ్బిపోయి పెద్దదవుతుంది. పెద్దకణాల రక్తహీనతకు బస్తాడు ఐరను మింగినా ఫలితం లేదు.

అమెరికాలో పెద్దకణాల జబ్బుల్లో ఒకటి పెర్నీషియస్ అనీమియా. వస్తే చావే అనుకునేవారు. 1926లో మైనో, మర్ఫీ అనే ఇద్దరు బోస్టన్ డాక్టర్లు రోజూ కార్జం తినిపిస్తే రోగులు లేచి కూర్చుంటున్నారని చూపించారు. ఆ కార్జంలో ఉన్నదేమిటో బయటికి తీయాలన్న పనిలోకి సుబ్బారావు గారు దిగారు. రకరకాలుగా వడగట్టి, వేరుచేసి, ఏ భాగంలో గుణం ఉందో రోగులకిచ్చి చూడాల్సి వచ్చేది. గుణం ఉంటే కొద్ది రోజుల్లో రక్తంలో కొత్తగా పుట్టిన కణాలు గుంపుగా కనిపిస్తాయి. వాటినీ స్లైడు మీద మనిషే లెక్కబెట్టాలి.

అదే సమయంలో మన దేశంలో ఇంకో మనిషి ఇదే దారిలో నడుస్తోంది. ఆమె లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ. 1928లో బొంబాయి వచ్చింది. బట్టల మిల్లుల్లో పనిచేసే బీద గర్భిణులు రక్తం చాలక పిట్టల్లా రాలిపోతుంటే కారణం వెతకడానికి వచ్చింది. 1931లో మద్రాసులోని కాస్ట్ అండ్ గోషా ఆసుపత్రిలోనూ పనిచేసింది. అంటే మన అమ్మమ్మల కాలంలో, మన నెల్లూరు ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు. ఆ గర్భిణుల రక్తంలోనూ పెద్ద కణాలే. అయితే బాగా శుద్ధిచేసిన కార్జం మందు వాళ్లకు పనిచెయ్యలేదు. రొట్టె మీద రాసుకునే మార్మైట్ అనే చవక ఈస్టు ముద్ద పెడితే కోలుకున్నారు. అంటే చూడటానికి కణాలు ఒకేలా ఉన్నా జబ్బులు రెండన్నమాట. ఈస్టులో ఉన్న ఆ పేరులేని పదార్థాన్ని చాలాకాలం విల్స్ ఫాక్టర్ అన్నారు. గర్భిణీస్త్రీల మంచాల పక్కన నిలబడి, స్లైడ్ల మీద కళ్లు పోగొట్టుకుని ఆమె వదిలిపెట్టిన ప్రశ్నకు జవాబు దొరకడానికి పద్నాలుగేళ్లు పట్టింది.

జవాబు దొరికింది

1940లో సుబ్బారావు గారు హార్వర్డు వదిలి న్యూయార్కు దగ్గర పెర్ల్ రివర్‌లోని లెడర్లే మందుల కంపెనీలో చేరారు. రెండేళ్లలో పరిశోధనలన్నిటికీ డైరెక్టరయ్యారు. అక్కడ ఆయనకు మనుషులున్నారు, డబ్బుంది, అన్న, తమ్ముడి జ్ఞాపకం ఎలాగూ ఉంది.

1941లో టెక్సస్‌లో కొందరు శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూర నుంచి ఒక పదార్థాన్ని కొద్దిగా తీసి, ఆకులోంచి వచ్చింది కాబట్టి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. 1943లో లెడర్లేలో స్టోక్‌స్టాడ్ కార్జంలోంచి దాన్ని స్ఫటికాలుగా రాబట్టాడు. అంత ఆకూ, అంత కార్జమూ ఖర్చు పెడితే వచ్చేది చిటికెడు. దాంతో ప్రపంచంలోని రోగులకు సరిపెట్టడం కుదిరే పనేనా? పదార్థం నిర్మాణం తెలుసుకుని, ప్రయోగశాలలో తయారుచేయడం ఒక్కటే దారి. సుబ్బారావు గారి నాయకత్వంలో పదిమందికి పైగా రసాయన శాస్త్రవేత్తలు పట్టుబట్టి 1945లో అది సాధించారు. అదే ఏడాది టామ్ స్పైస్ అనే డాక్టరు పెద్దకణాల రక్తహీనత ఉన్న రోగులకు ఇచ్చి చూశాడు. గుణం కనబడింది. స్ప్రూ రోగులూ కోలుకున్నారు. అన్నగారూ తమ్ముడూ పోయిన ఇరవై నాలుగైదేళ్లకు ఆ జబ్బుకు మందు దొరికింది.

ఇక్కడే ఇంకో పాఠం ఉంది. పెర్నీషియస్ అనీమియాకు కూడా ఫోలిక్ యాసిడ్ ఇచ్చి చూస్తే రక్తం బాగుపడింది గానీ కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కడం, తూలిపోవడం ఆగలేదు, కొందరికి ముదిరింది. కారణం 1948లో బి12 విటమినును వేరుచేశాక స్పష్టమైంది. ఆ జబ్బులో లోపం బి12ది. ఫోలిక్ యాసిడ్ రక్తాన్ని సర్దిపెట్టి నరాల జబ్బును కప్పిపుచ్చుతుంది. అందుకే పెద్దకణాలు కనబడగానే ఏదో ఒకటి మింగెయ్యకుండా, ఏది తక్కువో తేల్చుకోవాలని డాక్టర్లు అంటారు. పాలూ గుడ్లూ కూడా ముట్టని శాకాహారులు ఈ సంగతి మరీ గుర్తుంచుకోవాలి. బి12 ఆకుకూరల్లో ఉండదు.

లెడర్లేలో ఆయన చేయించిన పనులు ఇంతటితో అయిపోలేదు. బోదకాలుకు వాడే హెట్రజాన్ 1947 నాటిది. మన కోస్తా జిల్లాల్లో ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్ర అదే. ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ 1948లో వచ్చింది. ఫోలిక్ యాసిడ్‌కు విరుగుడుగా తయారుచేసిన ఎమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్తక్యాన్సరు పిల్లలకిచ్చి, తాత్కాలికంగానైనా జబ్బు తగ్గుతుందని 1948లో చూపించాడు. ఇప్పుడు క్యాన్సరుకూ కీళ్లవాతానికీ వాడే మెథోట్రెక్సేట్ దాని చెల్లెలే.

మిషనూ మనిషీ

మిషను పుట్టుక కూడా చెప్పుకోవాలి. వాలెస్ కోల్టర్ అనే అమెరికా ఇంజనీరు సిగరెట్టు పెట్టె మీది సెల్లోఫేను కాగితానికి కాల్చిన సూదితో చిల్లుపెట్టి, అందులోంచి కరెంటు పారే ఉప్పునీళ్లలో కణాలను ఒక్కొక్కటిగా పోనిచ్చాడు. కణం దాటినప్పుడల్లా కరెంటు తడబడుతుంది. పెద్ద కణమైతే పెద్ద తడబాటు, చిన్నదైతే చిన్నది. దీనికి 1953లో పేటెంటు వచ్చింది. ఇప్పుడు చిన్న పట్టణాల్లో కూడా ఉన్న మిషన్లకు మూలం ఇదే. ఒక్క నిమిషంలో వేల కణాలు లెక్కబెడుతుంది. దానికి కళ్లు నొప్పెట్టవు, సాయంత్రానికి విసుగు రాదు. చేత్తో లెక్కబెడితే వచ్చే తేడాలు దానికి రావు.

అది చేయలేనిది ఒక్కటుంది. కణం ఆకారం, రంగు, లోపల ఉన్న గింజ మనిషి కన్ను చూసినట్టు చూడటం. మా ఆడపడుచు రక్తంలో తెల్లకణాల లోపలి గింజ మామూలుకంటే ఎక్కువ ముక్కలుగా చీలి ఉందట. ఫోలిక్ యాసిడో, బి12నో చాలకపోతే అలా ఉంటుందట. అది స్లైడు మీదే దొరికింది. అయితే స్లైడు చూడమని సైగ చేసింది మిషనే కదా, చుక్క గుర్తు పెట్టి! ఆ చుక్కను పట్టించుకునే మనిషి ఉంటే మిషనుకూ విలువ, మనకూ ప్రాణం. అందుకే మంచి ల్యాబుల్లో మిషను తేడా చూపినప్పుడల్లా ఒక మనిషి స్లైడు చూస్తాడు.

2019-21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 58.8 మందికి రక్తహీనత ఉందని తేలింది. ఇద్దరు నిలబడితే ఒకరికి మించి. ఎక్కువమందికి కారణం ఐరను లోపమే కాబట్టి ముందు ఐరను ఇవ్వడం సబబే. ఆశా కార్యకర్త గర్భిణులకు తెచ్చిచ్చే ఎర్రమాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరనూ, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడూ రెండూ ఉంటాయి. వికారంగా ఉందని దాన్ని దిండు కింద దాచేవాళ్లు చాలామందే ఉన్నారు. నేనూ నా కానుపులప్పుడు ఆ పని చేశాను, ఒప్పుకుంటున్నాను.

కానీ నెలో రెండు నెలలో సరిగా మింగినా హిమోగ్లోబిన్ కదలకపోతే ఊరుకోవద్దు. ఏ రకం రక్తహీనతో అడగండి. స్లైడు చూశారా అని అడగండి. తలసీమియా వాహకులకు కూడా కణాలు చిన్నవిగానే ఉంటాయి, వాళ్లకు ఐరను ఊరికే ఇవ్వడం వల్ల ఉపయోగం లేదు. అడిగితే డాక్టరు ఏమనుకుంటాడో అని సిగ్గుపడకండి. ఒళ్లు మనది.

ఇక వంటింట్లో, ఆకుకూరను గంటలతరబడి ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, మిగిలింది రెండుసార్లు వెచ్చబెడితే ఫోలిక్ యాసిడ్ చాలావరకు పోతుంది. తోటకూర, పాలకూర, పెసలు, అలసందలు తరచూ వండుకుని, తాజాగా తింటే మంచిది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఐరను ఒంటబట్టదు. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది తినే మన అలవాటు గురించి నేను వేరే చెప్పనక్కర్లేదు.

తిరిగిరాని మనిషి

1948 ఆగస్టులో సుబ్బారావు గారు పెర్ల్ రివర్‌లో నిద్రలోనే గుండె ఆగి పోయారు. యాభై మూడేళ్లు. చివరిదాకా అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. నోబెల్ రాలేదు. ఆయన తన పేరు ముందుకు తోసుకునే మనిషి కాదు. కూడా పనిచేసినవాళ్లకే పేరు రానిచ్చేవారంటారు. 1953లో కొత్తగా దొరికిన ఒక బూజుజాతికి ఆయన పేరు మీద సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టారు. 1995లో, పుట్టి నూరేళ్లయిన సందర్భంలో, మన తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ల వేసింది.

ఇరవై ఆరేళ్లు ఎదురుచూసిన శేషగిరమ్మ గారికి మిగిలింది ఆ వార్త. ఆమెకు న్యాయం జరిగిందా అని నన్నడిగితే జరగలేదనే అంటాను. ఆయన గొప్పతనం ఒప్పుకుంటూనే అంటాను. ఒక ఇంటి దీపం అక్కడ వెలగడం వల్ల లక్షల ఇళ్లలో గర్భిణులు బతికారన్నది ఎంత నిజమో, ఆ ఇల్లు చీకట్లో ఉండిపోయిందన్నదీ అంతే నిజం.

మా ఆడపడుచు దసరాకు మళ్లీ వచ్చింది. మెట్లు తనే ఎక్కింది. హిమోగ్లోబిన్ 11 దాటిందని రిపోర్టు చూపించింది. ఈసారి నేను ఆ ఒక్క అంకె చూసి ఊరుకోలేదు. ఇద్దరం అరుగు మీద కూర్చుని ఇరవై వరుసలూ చదువుకున్నాం.